బస్సుకు అడ్డం నిలబడ్డ లస్మవ్వ

లస్మవ్వ నోటికి మెట్‌పల్లి అంగడిలో బేరగాళ్లు కూడా జడుస్తారు. తూకంలో ఒక్క ఉల్లిగడ్డ తగ్గిందంటే అమ్మేవాడి ముత్తాత పేరు దాకా పోయి వస్తుంది. ఆ నోటిని చూసి తప్పుకుపోయే ఊరే, ఒకనాడు ఆ నోటితో పనిబడి గడపకొచ్చింది.

మెట్‌పల్లి దాటాక పెద్ద కాలువ పక్కనుంటుంది ఆ ఊరు. పసుపు పండిస్తారు, ఇంటికొకడు గల్ఫ్‌లో ఉంటాడు, ఆడవాళ్లు బీడీలు చేస్తారు. లస్మవ్వ కొడుకు సాగర్ మస్కట్‌లో ఉన్నాడు. ఇంట్లో ఆమె, కోడలు నవత, మనుమరాలు సహస్ర. అత్తాకోడళ్లు పొద్దంతా ఒళ్లో చాటలు పెట్టుకొని బీడీలు చుట్టి, పిల్లను ఐదో తరగతి దాకా మెట్‌పల్లి ప్రైవేటు బడికి పంపారు. పొద్దున్నే పసుపుపచ్చ బస్సు ఊర్లోకి వచ్చి తీసుకుపోయేది.

సహస్ర ఆరో తరగతికి వచ్చే ఎండాకాలం వీడీసీ కూర్చుంది. వీడీసీ అంటే ఊరి అభివృద్ధి కమిటీ. ఈ దిక్కు ఊర్లలో సర్పంచి మాట జవదాటినా బతకొచ్చు గాని వీడీసీ మాట దాటితే బతకలేరు. దాటినవాడికి జుర్మానా, వాడితో మాట్లాడినవాడికీ జుర్మానా.

సంగతేమంటే, సర్కారు పెద్దబడిలో పిల్లలు తగ్గిపోయారు. పిల్లలు లేరని సార్లను తీసేస్తున్నారు, సార్లు లేరని ఉన్న పిల్లలు పోతున్నారు. ఇట్లాగే ఉంటే బడికి తాళం పడుతుందని హెడ్‌మాస్టర్ వచ్చి మొర పెట్టుకున్నాడు. కమిటీ తీర్మానం చేసింది. ఊరి పిల్లలు ఊరి బడికే పోవాలి, ప్రైవేటు బస్సు ఊర్లో అడుగు పెట్టొద్దు. ఊరంతా డప్పు కొట్టించారు.

డప్పు కొట్టించడానికేం, ఎవరైనా కొట్టిస్తారు. బస్సుకు ఎదురు నిలబడేదెవరు? అందుకని కమిటీ చైర్మన్ వెంకటి లస్మవ్వ ఇంటికి వచ్చాడు. అంతకుముందు ఆ ఇంటి దిక్కు తల తిప్పిన మనిషి కాదు.

“పెద్దవ్వా, బడి తెరిచిన్నాడు నువ్వు ముంగట ఉండాలె. మొగోళ్లం నిలవడితే మామీద కేసులైతయ్. నీ ముంగట డ్రైవర్ గాదు, ఆని అయ్య గూడ నిలవడడు.”

“గిన్నొద్దులు నా నోరు పాడుదంటిరి గదరా.”

“పాడుదని ఎవలన్నరే. ఊరికి గా నోరే ఆసర ఇయ్యాల.”

లస్మవ్వ లోపల పొంగింది. మొఖంలో మాత్రం పడనీయలేదు. ఆ బడి గోడలు లేచిన కాలంలో ఇసుక తట్టలు మోసిన కూలీలలో ఆమె ఒకతె. తాను బడిలో కూర్చున్నది లేదనే చెప్పాలి, రెండో తరగతిలోనే మేకల వెంట తోలారు. అయినా ఆ గోడలు తనవేనని ఆమెకొక లెక్క.

వెంకటి గడప దాటగానే నవత చాట పక్కన పెట్టింది.

“అత్తమ్మా, మన పొల్ల గా బస్సులనే పోతది. యాదికున్నదా?”

“ఉన్నది. ఊరి పిల్లలందరు ఏడ జదివితే మన పొల్ల ఆడ జదువుతది. నీ బిడ్డొక్కతే పైకెళ్లి ఊడిపడ్డదా?”

“అందరు పంపుతరని నీకెవలు జెప్పిండ్రు?”

“డప్పు గొట్టినంక పంపక ఏం జేస్తరు.”

నవత చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. ఒప్పుకున్నట్టేనని లస్మవ్వ అనుకుంది.

బడులు తెరిచిన పొద్దున కమిటీ భవనం ముందు, నడిరోడ్డు మీద కొంగు బిగించి నిలబడింది. వెనుక సగం ఊరు. బస్సు వచ్చి ఆమె ముక్కుకు బారెడు దూరంలో ఆగింది.

“అవ్వా, జర జరుగు. టైం అయితుంది,” అన్నాడు డ్రైవర్.

“టైం నీకైతుంది, నాకేం గాలే. బండి మర్లేసుకొని పో.”

“నేను నౌకరోన్ని అవ్వా. నన్నంటే ఏమొస్తది?”

“నిన్ననక నీ బండి టైర్లనంటనారా?”

జనం నవ్వారు. ఆ నవ్వుల్లోంచి ఎవరో అన్నారు, “లస్మవ్వా, నీ మనుమరాలు లోపట్నే ఉన్నది సూడు.”

ఉన్నది నిజమే. అత్త ఇటు రాగానే నవత వెనుక గల్లీలో బస్సు ఆపి పిల్లను ఎక్కించింది. టై కట్టుకొని, కిటికీ పక్కన కూర్చొని, సహస్ర కూడా నవ్వుతోంది. తన బాపమ్మ ఇంతమందిని నవ్విస్తోందని ఆ పిల్లకు గొప్పగా ఉంది.

జనం కళ్లన్నీ లస్మవ్వ మీదికి మళ్లాయి. ఆమె ఇంకొకటి ఆలోచించలేదు. బస్సెక్కి పిల్ల రెక్క పట్టి గుంజింది. సహస్ర ముందు సీటు కడ్డీ పట్టుకుంది. ఆ వేళ్లను ఊడబెరికి, బ్యాగుతో సహా కిందికి దింపింది. మెట్ల మీద పిల్ల బోర్లా పడబోయి ఆగింది. బస్సులోని పిల్లలంతా కిటికీలకు మొఖాలు ఆనించి చూశారు. సహస్ర ఏడవలేదు. టై విప్పి బ్యాగులో కుక్కి, ఎవరి దిక్కూ చూడకుండా ఇంటికి నడిచింది.

ఆ తర్వాత మిగిలినవాళ్లు తమ పిల్లలను దింపుకోక తప్పలేదు. బస్సు ఖాళీగా తిరిగిపోయింది. పేపరులో జిల్లా పేజీన లస్మవ్వ ఫోటో పడింది. కమిటీ భవనంలో వెంకటి ఆమెకు శాలువా కప్పాడు. చప్పట్లు కూడా కొట్టారు.

కొన్నాళ్లు బడి కళగానే ఉంది. వానలు పడుతుండగా లెక్కల సారును డిప్యుటేషన్ మీద వేరే బడికి పంపారు. ఆయన జాగాలోకి ఎవరూ రాలేదు. లెక్కల గంటలో డ్రిల్లు సారు వచ్చి, చప్పుడు చేయకుండా కూర్చోండని చెప్పి ఫోను చూసుకునేవాడు.

ఆ రోజుల్లోనే లస్మవ్వకు ఇంకొకటి కంట్లో పడింది. వెంకటి మనుమడు బడిలో లేడు. దారిలో ఆపి అడిగింది.

“కరీంనగర్‌ల హాస్టల్‌ల ఏసినం పెద్దవ్వా. వాళ్లమ్మకు పానం బాగుంటలేదు,” అన్నాడు వెంకటి.

తల్లికి పానం బాగుండకపోతే కొడుకును హాస్టల్లో వేయడం ఎక్కడి వైద్యమో లస్మవ్వకు అంతుబట్టలేదు. కమిటీలోనే ఉండే ముత్యం పిల్లలు అమ్మమ్మ ఊరికి పోయారు. అక్కడ అమ్మమ్మ కన్నా ఇంగ్లీషు బడి దగ్గర.

దసరా సెలవులు అయిపోయాక పసుపుపచ్చ బస్సు మళ్లీ వచ్చింది. ఊర్లోకి కాదు, కాలువ వంతెన అవతల, పొలిమేర దాటి ఆగింది. తండ్రులు బండ్ల మీద పిల్లలను వంతెన దాకా దించి వస్తున్నారు. డప్పు చాటింపులో రెండు మాటలుంటే, ఊరు ఒక్క మాటనే గుర్తుపెట్టుకుంది. బస్సు ఊర్లో అడుగు పెట్టొద్దన్నారు, పెట్టలేదు. అంతే.

లస్మవ్వ కమిటీ భవనానికి పోయింది.

“వెంకటీ, డప్పు గొట్టిచ్చినోనివి నువ్వే. వంతెన కాడికి పోయే బండ్లు నీకు కనవడ్తలెవ్వా? ఎయ్యి జుర్మానా.”

“ఎవలికెయ్యాలె పెద్దవ్వా? బస్సు ఊర్లకొచ్చిందా?”

“పిల్లలు పోతుండ్రు గదరా.”

“పిల్లల్ని కట్టేస్తమా? సదువు సంగతి. ఎవల ఇష్టం ఆళ్లది.”

“మరి నా పొల్లనెందుకు దింపిస్తిరి?”

ముత్యం కుర్చీలో వెనక్కి వాలాడు. “బస్సు ఆపుమన్నం గని, నీ పిల్లను దింపుమని మేమన్నమా? నువ్వే ఎక్కితివి, నువ్వే గుంజుకొస్తివి. అండ్ల మాకేం సంబంధం అవ్వా.”

అందరూ నవ్వారు. బస్సు ముందు డ్రైవర్‌ను చూసి నవ్వినవాళ్లే.

“నీ శాలువ పంపిస్త వెంకటీ,” అంది లస్మవ్వ లేస్తూ. “మీ ఇంట్ల గిన్నెలు దించే మసిగుడ్డకు పనికొస్తది.”

మాట బాగానే తగిలింది. ఆ మాటతో సహస్రకు లెక్కలు రావు గదా. ఆమె ఇంటికి వచ్చింది. నవత అత్త మొఖం చూసి విషయం తెలుసుకుంది, ఒక్క మాట దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేది.

“పొల్లను గా బస్సుకే పంపు,” అంది లస్మవ్వ, గోడ దిక్కు చూస్తూ. పెళ్లయి ఆ ఇంట్లో కాలు పెట్టినప్పటి నుంచి అత్త తన మాట తానే మింగడం నవత ఎన్నడూ చూడలేదు. వెంటనే బడివాళ్లకు ఫోను చేసింది. వాళ్లు చేర్చుకుంటామన్నారు.

పొద్దున నవత జడ వేసి టై తీసుకుంది. సహస్ర ఆ చేతిని పక్కకు నెట్టింది.

“నేను పోను.”

“ఎందుకే బిడ్డా?” లస్మవ్వ దగ్గరికి జరిగింది. “నేనే తీస్కపోత. నువ్వెక్కేదాక ఆన్నే ఉంట.”

“గందుకే పోను.”

“ఈడ లెక్కల సారు లేడు గదనే.”

“లేకుంటే లేడు. బోరింగు కాడ ఇప్పటికే అంటుండ్రు, కడ్డీ గట్టిగ పట్టుకోవే, మీ బాపమ్మొస్తుందని. బస్సెక్కితే రోజు అంటరు.”

“ఎవడంటుండో పేరు జెప్పు. వాని సంగతి...”

“జెప్తే పోయి కొట్లాడతవు. ఇంకింతమంది నవ్వుతరు.”

సహస్ర మొఖం తిప్పుకుంది. ఆ గడ్డం పైకెత్తడం, మాట విసిరి మొఖం తిప్పుకోవడం ఎవరివో లస్మవ్వకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ తీరు మనిషిని మళ్లించడం ఎవరి తరమూ కాదని కూడా ఆమెకు తెలుసు.

నవత టై చేతిలో పట్టుకొనే కూలబడింది. “జెప్పు అత్తమ్మా. ఊరందరికి జెప్తవు గద. దీనికొక్కటి జెప్పు.”

లస్మవ్వ పక్కకు జరిగి పిల్లకు దారి ఇచ్చింది. సహస్ర బ్యాగు తగిలించుకొని ఊరి బడి దిక్కు నడిచింది. మొదటి గంట లెక్కలు.