తియ్యనయ్యేదాకా నమిలిన ముద్ద

మొన్న మా దీవిలోని ఫీనిక్స్ బే జెట్టీలో టికెట్టు చేతికొచ్చినా పడవ మాత్రం రాలేదు. మన వయసులో చాలా విషయాలు అంతే అనుకోండి. కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతుంటే, బెంచీమీద ఒక కాలేజీ పిల్ల కళ్ళు మూసుకుని మోనోశాకరైడు, డైశాకరైడు, పాలీశాకరైడు అని పిండిపదార్థాల పాఠం వల్లిస్తోంది. నా కాళ్ళు జెట్టీమీదే తిరిగాయి గానీ మనసు హాడోలోని మా పాత రేకుల ఇంటికి వెళ్ళిపోయింది.

నేను బీయస్సీ చదివే రోజుల్లో, చేపల వేటే బతుకైన మా నాన్నకి కాలివేలిలో చేపముల్లు దిగి పుండయింది. షుగరుంది కనుక మానలేదు, ఇలాగే ఉంటే వేలు తీసెయ్యాలన్నాడు డాక్టరు. వేలు పోతే తడి పడవలో కాలు నిలదొక్కుకుని వల లాగడం కష్టం, ఆయనకి మరో పని తెలియదు. తీపి మానమన్నారని టీలో పంచదార మానేశాడు, పండగ పాయసాన్ని పరాయివాడిలా చూశాడు. అంతటి నిష్ఠాపరుడూ చేపలపులుసుతో అన్నం మాత్రం కొండలా పెట్టించుకుని నేలమట్టం చేసేవాడు. అన్నం తీపి కాదు కదా.

వలకి కట్టే బెండ్లు ముందేసుకుని నా చదువంతా కుమ్మరించాను. విడి బెండు గ్లూకోజు, దానికి ఇంకో రకం బెండు జతకడితే పంచదార, వందలకొద్దీ గుచ్చితే అన్నంలోని పిండి. కడుపు ఆ ముడులన్నీ విప్పేస్తే మిగిలేవి మళ్ళీ విడి బెండ్లే. ఆకుకూర పీచులోనూ అవే బెండ్లు గానీ ముడి వేరు, అది మన కడుపుకి ఊడదు. ఆయన శ్రద్ధగా విని, బెండ్లు వెనక్కి తీసుకున్నాడు.

"నాలిక్కి తెలీని తీపి రగతానికెలాగ తెలస్తాదిరా?"

ఉత్త అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, మింగకుండా నములుతూ ఉండమన్నాను. పోటు చూసుకుని పడవెక్కే జాతి మాది, తిండి గుటుక్కున మింగడమే తప్ప ముద్దని అంతసేపు నమిలినవాళ్ళు మా వంశంలో లేరు. అమ్మ గరిటెతో నిలబడిపోయింది, నేను కాలుగాలిన పిల్లినయ్యాను. చాలాసేపటికి దవడ ఆగింది.

"తియ్యగుందే," అన్నాడు అమ్మవైపు చూసి, ఇన్నేళ్ళూ ఆవిడే ఏదో కలిపినట్టు. "రేపట్నుంచి సగమే ఎయ్యి. బస్, అంతే."

పుండు తీరిగ్గా మానింది, వేలు దక్కింది, ఆయన మళ్ళీ పడవెక్కాడు. అన్నంమీద ఉన్న అమాయకపు నమ్మకం మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు గరాచర్మలోని మా ఇంట్లో దేనిలో ఏ పిండి ఉందో ఫోనే చెబుతుంది. నాకూ షుగరే, పిత్రార్జితం. అందరం సగమే తింటాం. కానీ ఒక మనిషి ముద్ద నములుతుంటే మిగతావాళ్ళు ఊపిరి బిగబట్టి చూసే తీరిక ఎవరికీ లేదు. నాకసలే లేదు, నిలబడే తినేస్తున్నాను.