ఎర్రమందు వేసిన బావి

పెన్నమ్మ మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

ప్రొద్దుటూరులో కలరా వచ్చిన ఏడు మా వీధికి ఒక శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నోరు విప్పేముందు టోపీ తీసి చంకలో పెట్టుకోవడం ఆయన అలవాటు. ఎవరికీ చెప్పకుండా, తెల్లవారకముందే మా బావిలో కలరా పురుగును చంపే ఎర్రమందు వేయించాడు. గులాబిరంగు నీళ్లు చూసి, సర్కారు విషం కలిపిందని జనమంతా పెన్నలో చెలమల నీళ్లకు పోయారు. ఆ నీళ్లతో రోగం ఇంకా ముదిరింది.

ఈసారి ఆయన దండోరా వేయించి, పట్టపగలు వచ్చాడు. టోపీ తీశాడు.

"తప్పు నాదేనమ్మా. మీకు చెప్పకుండా కలిపినా."

సర్కారు మనిషి నోట ఆ మాట మేమెన్నడూ వినలేదు. కోడలు కలరాతో మంచాన పడివున్న మగ్గాలవ్వ మాత్రం కరగలేదు.

"ఏందప్పా, ఈతూరి చెప్పి సంపుదామని వచ్చినావా? ముందు నువ్వు తాగు!"

ఆయన అందరి ఎదుటా మందు కలిపించి, గంటసేపు ఆగి, ఏడు చెంబులు గటగటా తాగాడు. బావి అడుగంటుతుందేమోనని మాకు భయమేసింది. వీధంతా కడవలతో కదిలింది. కలరా తోక ముడిచింది, కోడలు లేచి కూర్చుంది. ఆ తర్వాత జమ్మలమడుగులోనూ పులివెందులలోనూ మందుకంటే ముందు దండోరా వెళ్లింది. తొలి చెంబు అధికారే తాగాడు.

ఒట్టు పెట్టాను గనుక ఒప్పుకుంటాను. ఏడు చెంబులు నా కల్పన. ఆయన తాగింది అరచెంబే. మిగతా సగం అవ్వ లాక్కుని తాగేసింది.