బజ్జీల బండి, స్పీడ్ బ్రేకర్, నా నడుము

మా ఆడబిడ్డ కూతురి పెళ్లికని బేస్తవారిపేట వెళ్లి, మర్నాడు సాయంత్రం స్కూటీ మీద మార్కాపురం తిరిగొచ్చాం. మా ఆయన నడుపుతున్నారు. నేను వెనక ఒకవైపుకు కాళ్లు పెట్టుకుని, ఒడిలో లడ్డూల డబ్బాతో కూర్చున్నాను. మా వీధి మలుపు తిరిగాం, ఇక ఇల్లు వచ్చేసిందని కుచ్చిళ్లు సర్దుకుంటున్నాను. అంతలో బండి ఎగిరి దబ్బున పడింది. నేను కింద పడలేదు. డబ్బా కూడా పడలేదు. కానీ నడుములో కలుక్కుమని, కాసేపు ఊపిరాడలేదు.

ముందురోజు మేం వెళ్లేటప్పుడు అక్కడ ఏమీ లేదు. ఇప్పుడు రోడ్డుకు అడ్డంగా గట్టులాంటిది లేచి ఉంది. ఎదురింటి కాశయ్య తన ప్రహరీ కట్టగా మిగిలిన సిమెంటుతో, పలకల ఫ్యాక్టరీ దగ్గర పారేసిన రాతిముక్కలు పేర్చి, సొంతంగా స్పీడ్ బ్రేకర్ వేసేశాడు. దాని మీద ఒక సున్నం గీత కూడా లేదు. సరిగ్గా అతని బజ్జీల బండి ముందే వేశాడు. మెయిన్ రోడ్డు మీద రద్దీ అని ఆటోలు, బైకులు అన్నీ మా వీధిలోంచి అడ్డదారిన పోతుంటాయి. అక్కడ బండి నిదానమైతే బజ్జీల వాసన తగులుతుంది. వాసన తగిలితే మనిషి ఆగుతాడు. నాకు చూడగానే అర్థమైపోయింది.

"ఏందయ్యా కాశయ్యా ఇది?" అని మా ఆయన అరిచారు.

"బండ్లు మరీ స్పీడుగా పోతున్నాయి బావా. పిల్లోళ్లు తిరిగే వీధి గదా, అందుకే ఏసినా," అన్నాడు, బజ్జీలు నూనెలో వదులుతూనే.

నేను నమ్మలేదు.

మా వీధిలోనే, కాశయ్య ఇంటికి కాస్త అవతల, అంగన్‌వాడీ ఉంది. నేను అక్కడ టీచరును. నేల మీద బాసింపట్టు వేసుకుని పిల్లలకు పాటలు చెప్పడం నా పని. వారం రోజులు బామ్ రాసుకుంటూ ఇంట్లోనే ఉన్నాను. కింద పడకుండా ఎముక ఎందుకు విరుగుతుందని నా ధైర్యం. చివరికి పక్కకు ఒత్తిగిలడానికి కూడా ఏడుపు వస్తుంటే, మా ఆయన ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు.

"కింద పడ్డారా అమ్మా?" అని డాక్టరు అడిగారు.

"లేదు సార్. బండి మీద కూర్చునే ఉన్నా."

ఎక్స్‌రే లైటుకు పెట్టి చూపించారు. "ఎల్‌వన్‌లో కంప్రెషన్ ఫ్రాక్చర్. ఈ వెన్నుపూస ముందువైపు ఎలా కుంగిందో చూడండి. ఎముకలు పల్చబడి ఉంటే ఒక్క గట్టి కుదుపు చాలు."

ఎం.ఆర్.ఐ. అన్నారు, బోన్ డెన్సిటీ టెస్టు అన్నారు. ఈ డాక్టరుకూ స్కానింగ్ సెంటరు వాళ్లకూ ఏదో కమీషన్ ఉందనిపించింది. ఫిల్ములు పట్టుకుని ఒంగోలు వెళ్లి, మొదటి డాక్టరు పేరెత్తకుండా ఇంకో డాక్టరుకు చూపించాం. ఆయనా అదే చెప్పారు. "ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకున్నారేమో," అన్నాను బయటికొచ్చాక. "నీ ఎముకనైనా నమ్మవా నువ్వు?" అన్నారు మా ఆయన. ఎముకలు పల్చబడే ఈ ఆస్టియోపోరోసిస్‌కు మందులు మానొద్దని, బ్రేస్ వేసుకుని వంగకుండా ఉంటే ఆపరేషన్ అక్కర్లేదని చెప్పాకే నాకు ఆ డాక్టర్ల మీద కాస్త గురి కుదిరింది.

బ్రేస్ అంటే చంకల కింది నుంచి తుంటి దాకా బిగించే బెల్టు. మార్కాపురం ఎండల్లో అది వేసుకుంటే ఒళ్లంతా చెమటకాయలు. కాశయ్య అప్పుడప్పుడూ వేడి బజ్జీలు కట్టి పంపేవాడు. కేసు పెడతామని అతనికి భయమనుకుని, వాటిని అంగన్‌వాడీ ఆయమ్మకు ఇచ్చేసేదాన్ని. "పిల్లోళ్లు టీచరమ్మ ఎప్పుడొస్తాదని అడుగుతుండారు," అనేది ఆమె. మళ్లీ వాళ్ల మధ్య కూర్చుంటానో లేదో నాకే తెలియదు.

మా ఆయన మున్సిపాలిటీలో చెప్పారు. పర్మిషన్ లేనిది కాబట్టి వాళ్లొచ్చి బ్రేకర్ పగలగొట్టి పోయారు. మంచం మీద పడుకుని ఆ చప్పుడు వింటుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"తీపిచ్చినావు గదక్కా. ఇంక చూడు," అన్నాడు కాశయ్య కిటికీ దగ్గరికొచ్చి. అది బెదిరింపే అనుకున్నాను.

నొప్పి తగ్గాక ఫిజియోథెరపిస్టు రోజూ నడవమంది. బ్రేస్ వేసుకుని, వీధిలో గోడ వారగా మొదలుపెట్టాను. బ్రేకర్ పోయిందని తెలిసి బండ్లకు రెక్కలొచ్చాయి. ఒక సాయంత్రం ఒక బైకు నా మోచేతిని రాసుకుంటూ పోయింది. నేను ఉలిక్కిపడి పక్కకు తిరిగి, గోడ అందక కూలబడ్డాను. కాశయ్య జల్లిగరిటె చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. తన బల్ల తెచ్చి రోడ్డుకు అడ్డంగా పడేసి బండ్లన్నీ ఆపాడు. "చేతులు పట్టి లాగొద్దు, ఈపు ఇరుగుతాది! పక్క నుంచి లేపండి!" అని ఆడవాళ్లను కేకలేశాడు.

మళ్లీ ఎక్స్‌రే తీశారు. "కొత్త ఫ్రాక్చర్ లేదు. కానీ ఆ పూసే ఇంకొంచెం కుంగింది. బ్రేస్ ఇంకో రెండు నెలలు," అన్నారు డాక్టరు. ఆస్పత్రి వరండాలోనే వెక్కి వెక్కి ఏడ్చాను. బ్రేకర్ ఉన్నప్పుడు నా నడుమే పోయింది, తీసేశాకా నా నడుమే పోయింది.

ఈసారి పిల్లల తల్లులందరినీ పిలిచి, సరైన స్పీడ్ బ్రేకర్ వేయించాలని మంచం మీద నుంచే చెప్పాను. వాళ్లు వెళ్లి మున్సిపాలిటీ ఇంజినీరును వీధిలోకి తీసుకొచ్చారు. "గట్టులా ఉండకూడదమ్మా. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. తెల్ల చారలు, ముందే బోర్డు ఉండాలి," అన్నాడాయన. "ఎక్కడైనా వెయ్యండి సార్, కాశయ్య ఇంటి ముందు మాత్రం వద్దు," అన్నాను కిటికీలోంచే. అంగన్‌వాడీ ముందు వేశారు. ట్రాక్టర్లు దూరకుండా వీధి మొదట్లో రెండు రాతి స్తంభాలు కూడా పాతారు.

మర్నాడు కిటికీలోంచి చూస్తే కాశయ్య బజ్జీల బండి కొత్త బ్రేకర్ పక్కనుంది.

బ్రేస్ తీసేసిన రోజున నేరుగా వెళ్లి అడిగాను. "నిజం చెప్పు కాశయ్యా. ఆరోజు నువ్వు బ్రేకర్ ఏసింది పిల్లోళ్ల కోసమా, బజ్జీల కోసమా?"

"రెండిటికీ అక్కా," అన్నాడు, తల దించుకుని. "బండ్లు నిదానంగా పోతే పిల్లోళ్లు బాగుంటారు, నా బేరమూ బాగుంటాది. రెండూ అనుకోగూడదా? నీకట్ల అవుతాదని మాత్రం అనుకోలేదక్కా." అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు అంగన్‌వాడీకి వెళ్తున్నాను. నేల మీద కూర్చోలేను. కుర్చీలో కూర్చుంటే పిల్లలే చుట్టూ చేరి నా మోకాళ్ల మీద చేతులేసుకుంటారు. మందులు మానలేదు. బండి ఎక్కితే రెండువైపులా కాళ్లు వేసే కూర్చుంటాను. ఇంటికెళ్లే వేళ కాశయ్య జల్లిగరిటె ఎత్తి ఆటోలను ఆపుతాడు, నేను పిల్లల్ని దాటిస్తాను. ఆగిన ఆటోల్లో ఎవరైనా బజ్జీలు కొంటున్నారేమోనని ఓ కంట కనిపెడుతూనే ఉంటాను.

నా తోటి ఆడవాళ్లకు ఒక్కటే చెప్తాను. బండి మీద కుదుపు తగిలి నడుము పట్టేస్తే, కింద పడలేదు కదా అని బామ్ రాసుకుంటూ కూర్చోకండి. వెంటనే వెళ్లి ఎక్స్‌రే తీయించుకోండి. డాక్టరును అనుమానించడానికి తర్వాత బోలెడంత టైముంటుంది.