చెంబెడు నీళ్ళకి పోయిన పసుపు కనకాంబరం

మా చిన్నప్పుడు టపాకాయలు చెట్టుకే కాసేవి... నమ్మరు కదూ! కనకాంబరం ఎండుకాయని కాస్త ఉమ్మితో తడిపి అరచేతిలో పెట్టుకుంటే, కాసేపటికి 'టప్'మని పేలేది. గింజలు ఎగిరి ఎవరి మొహం మీదో పడేవి. బళ్ళో ముందు బెంచీ పిల్ల జడలో తడికాయ దూర్చి నేను తిన్న దెబ్బలకి లెక్కే లేదు.

అప్పట్లో కూకట్‌పల్లిలో అద్దెకుండేవాళ్ళం. నూతి పక్కన, సగం ఎండ సగం నీడ పడే చోట అమ్మ పెంచిన కనకాంబరం పొద ఉండేది. అందరిళ్ళలో కాషాయం రంగు పూలే. మాది మాత్రం నిమ్మపండు పసుపు... పెళ్ళై వచ్చేటప్పుడు కాకినాడలో అమ్మమ్మ పెరట్లోంచి అమ్మ పొట్లం కట్టి తెచ్చుకున్న గింజలవి. తర్వాత అమ్మమ్మ పోయింది, ఆ పెరడూ పోయింది.

వాసన లేని పువ్వని నేను మూతి ముడిచేదాన్ని. "వాసనున్నవి సాయంత్రానికే వాడిపోతాయే... ఇది మూడు రోజులైనా మొహం వేలాడెయ్యదు" అనేది అమ్మ. పూలు బరువుండవు, ఎంత మాల పెట్టినా జడ లాగదు. మధ్యమధ్య మరువం వేసి అరటినారతో కట్టేది. చెట్టుకి చేసే సేవ కూడా పెద్దగా ఏం లేదు... గుప్పెడు పశువుల ఎరువు, మొదలు దగ్గర నీళ్ళు నిలవకుండా చూడటం, పూలయిపోయిన కంకులు తుంచెయ్యడం.

ఒక వేసవిలో, ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతాం, ఖాళీ చెయ్యమంది ఓనరమ్మ. మూసాపేటలో ఇల్లు దొరికింది. ముదురు చెట్టు పెకలిస్తే బతకదని అమ్మ కొమ్మలు నాటి చూసింది, ఎండలకి మాడిపోయాయి. ఇక మిగిలింది గింజలే. అందుకే ఈసారి కంకులు తుంచకుండా చెట్టుకే ఎండనిచ్చింది. "రేపు పొద్దున్నే కోస్తాను, ముట్టుకున్నారో..." అని నాకూ తమ్ముడికీ వేలు చూపించి, కొత్తింటికి సున్నం వేయించడానికి వెళ్ళింది.

ముట్టుకోలేదు... నిజంగానే ముట్టుకోలేదు! చెంబుతో నీళ్ళు చల్లాం, అంతే. ఒక్కో కాయ పేల్చడం బళ్ళో రోజూ ఉండేదే కదా, చెట్టంతా ఒక్కసారి పేలితే ఎలా ఉంటుందో చూడాలని బుద్ధి పుట్టింది. ఆ పాడుబుద్ధి నాదే, తమ్ముడిది కాదు. పొదంతా చిటపటమంటుంటే ఇద్దరం గెంతాం. గింజలన్నీ ఎగిరి, కొత్త కట్టడం కోసం పక్కనే పోసిన కంకర గుట్టలో పడ్డాయి. అప్పుడు పట్టుకుంది భయం. రాళ్ళు తీసి తీసి వెతికాం, ఒక్క గింజ కూడా దొరకలేదు.

అమ్మ వచ్చి, నోళ్ళు తెరిచిన కంకుల్ని చూసి నిలబడిపోయింది. "వీటి మీద నీళ్ళెలా పడ్డాయండీ?" అని ఓనరమ్మని అడిగింది.

"పొయ్యేటప్పుడు నువ్వే గదమ్మా గీడ దుప్పట్లు జాడించి ఆరేసినవ్... జల్లు పడ్డట్టుంది. గింజలకేంది పరేషాన్, నర్సరీల అడిగితే ఇస్తరు."

"అయితే నా చేతులారా నేనే పోగొట్టుకున్నానండి" అని అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. నేను తలుపు చాటున నిలబడి ఊరుకున్నాను. దెబ్బలు తప్పాయని సంతోషించాను కూడా... తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇప్పుడు మేం నానక్‌రామ్‌గూడలో పదకొండో అంతస్తులో ఉంటున్నాం. అమ్మ మాతోనే ఉంది. బాల్కనీ కుండీలో ఢిల్లీ కనకాంబరం పెంచుతోంది. విరగబూస్తుంది గానీ గింజ కట్టదు, కొమ్మే నాటుకోవాలి. పసుపు రకం కోసం నేను తిరగని నర్సరీ లేదు. ఏది తెచ్చినా "ఆ రంగు కాదులే" అంటుంది.

మొన్న మా అమ్మాయి కుండీలకి నీళ్ళు పోస్తుంటే అమ్మ అంటోంది... "నెమ్మదిగా తల్లీ, మొదట్లో పొయ్యి. నేను ఓసారి చూసుకోకుండా నీళ్ళు చిమ్మి మా అమ్మ చెట్టు పోగొట్టుకున్నాను." ఇన్నేళ్ళూ ఆ తప్పు తనదేననుకుంటోంది! నేను మీటింగ్‌లో ఉన్నట్టు లాప్‌టాప్‌లోకి తల దూర్చాను.

ఆ ఇంటి చోట ఇప్పుడు ఐదంతస్తులు... నుయ్యీ లేదు, కాయలు పేల్చే పిల్లలూ లేరు. మీ ఎవరింట్లోనైనా నిమ్మపసుపు కనకాంబరం ఉంటే చెప్పండి. చిన్నప్పుడు చేసి ఎవరికీ చెప్పని తప్పులుంటే అవీ రాయండి.

గింజలు దొరికాక, అవి అమ్మ చేతిలో పెట్టి నిజం చెబుదామని ఇన్నాళ్ళూ వాయిదా వేశాను. అమ్మకి డెబ్బై దాటాయి. ఇది పోస్ట్ చేసి, వట్టి చేతులతోనే అమ్మ దగ్గరికి వెళ్తున్నాను...