పర్సిమన్ చెట్టు కింద తెల్లచీర

భయపడటం షాలేం రాజుగారి వృత్తి. ఎగతాళికి అంటున్న మాట కాదు. డాలస్‌లో ఒక పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీ ఆయనకు జీతమిచ్చి మరీ చేయించుకున్న పని అదే. డిజాస్టర్ రికవరీ విభాగం. రేపు కరెంటు పోతే ఏమిటి గతి, వరదొస్తే ఏమిటి, రెండూ కలిసి ఆదివారం పూట ఆరాధన టైములో వస్తే ఏమిటి అని కుర్చీలో కూర్చుని ఊహించాలి. ఉద్యోగమంతా ఆయన ఊహించిన విపత్తుల్లో ఒక్కటీ రాలేదు. రానందుకు ప్రమోషన్లిచ్చారు. అలా రాని కష్టాల మీద డాలస్ పక్కనే కాపెల్‌లో ఇల్లు కట్టి, కూతురు అబిగేల్‌ని చదివించి, గౌరవంగా రిటైరైన మనిషి తూర్పు టెక్సస్ పైన్ అడవుల్లో కాపురం పెడతానని ప్రకటించేసరికి, తెలుగు చర్చిలో ఆ వారం ఉపవాస ప్రార్థన అంశాల్లో ఆయన పేరు చేర్చారు.

కారణం లేకపోలేదు. నరసాపురం కాలవ గట్టున గేలం పట్టుకు కూర్చున్న బాల్యం ఒకటి, వడ్రంగి కొట్టంలో రంపపు పొట్టులో ఆడుకుంటున్నాడని హెడ్మాస్టరు తండ్రి చేతిలో తిన్న దెబ్బలొకటి, ఈ రెండూ ఆయనలో అరవై ఏళ్లు దాటినా అరగలేదు. ఒక చెరువు, ఒక పనిపాక. మనిషి బతుకులో ఇంకేం కావాలి అని ఆయన వాదన. ఇంకా చాలా కావాలని ఆయన భార్య వసంతకుమారి వాదన.

వసంతకుమారి ఐసీయూ నర్సుగా చేసి రిటైరైంది. పాములంటే భయం లేదు, చీకటంటే లేదు, చర్చి సెక్రటరీ అంటే కూడా లేదు. ఆమెకు ఒక్క తుపాకీతోనే పేచీ. తుపాకీ దెబ్బ తగిలి స్ట్రెచర్ మీద వచ్చినవాళ్లకు రాత్రింబవళ్లు సేవ చేసి చేసి, ఇక ఆ చప్పుడున్న చోట కాపురం ఉండనని ఒట్టు పెట్టుకుంది.

"ఏమండీ, అక్కడ వేట గీట ఉందా?" అని భూమి కొనేటప్పుడే అడిగింది.

"లేక్ ఉంది వసంతా. అందరూ చేపలు పడతారు. శాంతికాముకులు."

ఆ మాట అబద్ధం కాదు. సగం నిజం. చేపలు పట్టని రోజుల్లో ఆ శాంతికాముకులు ఏం చేస్తారో ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు కూడా. అడగకపోవడం వల్ల తన పాపం తగ్గుతుందేమోనని ఆయన చాలాసార్లు లెక్క వేసుకున్నాడు.

వసంతకుమారి షరతు ఒకటే పెట్టింది. "గృహప్రతిష్ఠ రోజు చూస్తాను. ఆ రోజు ప్రశాంతంగా ఉంటే ఉంటాం. నా గుండె ఒక్కసారి దడదడలాడినా కాపెల్ వెళ్లిపోదాం. మళ్లీ ఆ ఊసెత్తొద్దు."

ఇల్లు లేచింది. ఒకే రేకు కప్పు కింద సగం కాపురం, సగం వర్క్‌షాప్. ఆ వైపు అందరూ అలాగే కడతారు. దానికి పెద్ద పేరేదో ఉంది గాని, వసంతకుమారి మొదటిసారి చూసి, "అచ్చం భీమవరం రొయ్యల ప్లాంటులా ఉందండీ" అన్నాక ఆ పేరే స్థిరపడింది. షాలేం రాజుగారు మాత్రం వర్క్‌షాప్ భాగంలో నిలబడి కొత్త రంపం మీద చెయ్యి వేసినప్పుడల్లా హెడ్మాస్టరుగారు వెనకనుంచి చూస్తున్నట్టు ఒకసారి వెనక్కి తిరిగి, ఎవరూ లేరని తేల్చుకుని నవ్వుకునేవాడు.

భయాలకు లోటు లేదు. అడవిపందుల అడుగులు కనిపిస్తే ఆకులూడ్చే రేక్‌తో చెరిపేశాడు. వరండాలో పాము కుబుసం దొరికితే జేబులో పెట్టుకుని కాపెల్ దాకా తెచ్చి, గ్యాస్ స్టేషన్ చెత్తడబ్బాలో వేశాడు. పక్క స్థలం డ్వెయిన్ అనే ఆయనది. లారీ నడిపి మానేసిన పెద్ద మనిషి, నాలుగు మాటల పనికి రెండు మాటలే వాడేవాడు. ఆయన పికప్ బండి వెనక అద్దానికి తుపాకీలు తగిలించి ఉండటం చూసి, "మా ఆవిడ వచ్చినప్పుడు ఆ బండి కాస్త అటు తిప్పి పెట్టగలవా?" అని బతిమాలుకున్నాడు. డ్వెయిన్ ఎందుకని అడగలేదు. తిప్పి పెట్టాడు.

ప్రతిష్ఠకి నవంబరు మొదటి శనివారం ఖాయమైంది. పాస్టరు దేవకుమార్‌గారికి ఆ రోజే ఖాళీ. చర్చి మొత్తం వస్తామంది. అర్వింగ్‌లో మనవాళ్ల హోటల్లో మటన్ బిర్యానీ చెప్పారు. శుక్రవారం మధ్యాహ్నం షాలేం రాజుగారు ఐసు కోసం ఊళ్లో ఎరలమ్మే కొట్టుకు వెళ్లాడు. ఎప్పుడూ ఈగలు తోలుకునే కొట్టు ఆ రోజు జాతరలా ఉంది. మనుషులందరూ ఆకులూ కొమ్మలూ అచ్చేసిన బట్టల్లో ఉన్నారు. కౌంటరు వెనక కొట్టు ఆవిడ మహా ఉత్సాహంగా చెప్పింది, రేపు సూర్యోదయానికి జింకల వేట మొదలని.

షాలేం రాజుగారికి ఐసు పట్టుకున్న చేతులే కాదు, కాళ్లు కూడా చల్లబడ్డాయి. "రేపు మా ఇంట్లో చిన్న ఫంక్షన్ ఉంది" అన్నాడు.

"ఏం పరవాలేదు. ఏ రంగు వేసుకున్నా వేసుకోండి, తెలుపు మాత్రం వద్దు. జింక పరుగెత్తేటప్పుడు తోక ఎత్తుతుంది. అది తెల్లగా ఉంటుంది. చెట్ల మధ్య తెల్లగా ఏది కదిలినా ఇక్కడ ట్రిగ్గర్ మీది వేళ్లు దురద పెడతాయి."

తెలుగు క్రైస్తవుల గృహప్రతిష్ఠ. ఆడవాళ్లంతా తెల్లచీరలు, మగవాళ్లంతా తెల్ల చొక్కాలు, తెల్ల లాల్చీలు. నరసాపురం నుంచి కాపెల్ దాకా ఎక్కడా మారని శాసనం. పాతిక కార్లలో తెల్లటి గుంపు తెల్లవారగానే బయల్దేరి, జింకల వేట మొదటిరోజున అడవి మధ్యలో దిగబోతోంది. ఉద్యోగమంతా రాని విపత్తుల్ని ఊహించిన మనిషికి, నిజంగా వస్తున్నది తట్టనేలేదు.

కారులో కూర్చుని చర్చి వాట్సాప్ గ్రూపులో "దయచేసి వైట్ వద్దు" అని టైప్ చేశాడు. ఎందుకు అని అడుగుతారు. చెప్పాలి. ఆ గ్రూపులో వసంతకుమారి ఉంది. చెరిపేశాడు. మళ్లీ కొట్టులోకి వెళ్లి, జింక కాదు మనిషేనని దూరానికే తెలియడానికి అడవిలో తొడుక్కునే మెరిసే నారింజరంగు వెస్టులు ఉన్నవన్నీ కొనేశాడు. ఇంట్లోంచి ఎవరూ అడుగు బయట పెట్టకుండా చూసుకుంటే చాలు, అని తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు. ఆ ధైర్యాన్ని తనే నమ్మలేదు.

శనివారం పొద్దున రిబ్బన్ కత్తిరించారు. ఒక్కో గదిలో పాట, ప్రార్థన. రంపం దగ్గర కూడా ప్రార్థన. పాస్టరుగారు రంపాన్ని చూసి, చేతివేళ్ల క్షేమం కోసం ప్రత్యేకంగా ఇంకో వాక్యం చేర్చారు. వంటగదిలో పాట రెండో చరణంలో ఉండగా దూరంగా ధన్‌మని మోగింది.

పాట ఆగలేదు. వసంతకుమారి గొంతు ఆగింది. భర్త వైపు చూసింది.

"టపాసులు," అన్నాడు షాలేం రాజుగారు. "దీపావళి సీజన్ కదా."

"ఈ అడవిలో దీపావళి ఎవరండీ చేసేది?"

"డ్వెయిన్."

"డ్వెయినా?"

ఇంతలో చరణం అయిపోయి పల్లవి వచ్చింది. దేవుడు కొన్నిసార్లు పల్లవి రూపంలో ఆదుకుంటాడు.

గండం అక్కడితో గడవలేదు. "ఇప్పుడు స్థలం చుట్టూ నడిచి నాలుగు సరిహద్దులూ ప్రార్థనతో తొక్కుదాం" అన్నారు పాస్టరుగారు.

"లోపలనుంచే తొక్కితే సరిపోదా అండీ?"

"లోపలనుంచి సరిహద్దు ఎలా తొక్కుతారు బ్రదర్?"

వాదనలో పస లేదని షాలేం రాజుగారికే తెలిసింది. పరుగున వెళ్లి వెస్టుల మూట తెచ్చాడు. "కౌంటీ రూల్ అండీ. స్థలంలో నడిచేటప్పుడు వేసుకోవాలట." పాస్టరుగారు ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూశారు. "రాజుగారూ, రంగు కాస్త కాషాయంలా లేదూ?"

"నారింజ అండీ. శుద్ధ నారింజ."

వెనకనుంచి షుగరున్న సుగుణమ్మగారు, "పొద్దున్నే ఇంత దూరం తెచ్చి మతం మార్పిస్తున్నావా నాయనా" అంది. అందరూ నవ్వారు. నవ్వుతూనే వేసుకున్నారు. సుగుణమ్మగారికి వెస్టు మిగల్లేదని షాలేం రాజుగారు తనది విప్పి ఇచ్చేశాడు. తెల్ల లాల్చీలో నిలబడి మనుషుల్ని ఒక్కొక్కరినీ చూసుకున్నాడు. నారింజ, నారింజ, నారింజ. ఎవరో తక్కువయ్యారు.

"అబీ, మమ్మీ ఏది?"

"డాడీ, మమ్మీ ట్రీస్‌లోకి వెళ్లింది. ఏదో ఫ్రూట్స్ చూసింది."

"వెస్ట్ వేసుకుందా?"

"నో. చీర మీద అగ్లీగా ఉందని చెప్పింది. వాట్ హ్యాపెన్డ్, డాడీ? ఎందుకు అలా చూస్తున్నావ్?"

ఆయన పరుగెత్తాడు. మోకాళ్లు ఉన్నాయన్న సంగతి మర్చిపోయి పరుగెత్తాడు. ఇంకోసారి ధన్‌మంది, ఈసారి దగ్గరగా. అది ఎటునుంచి వచ్చిందో తెలియలేదు. "వసంతా" అని అరవబోతే గొంతులోంచి గాలే వచ్చింది. మాట రాని గొంతుకు పాట వచ్చింది. చిన్నప్పటినుంచి నోటికొచ్చిన కీర్తనలన్నీ ఒకదాని పల్లవి, ఇంకోదాని చరణం కలిపి పెద్దగా పాడుకుంటూ, చేతులు రెండూ పైకెత్తి, జింక ఏ జన్మలోనూ చేయని పనులన్నీ చేస్తూ పొదల్లోంచి దూసుకుపోయాడు. ముళ్లు లాల్చీని పట్టుకున్నాయి. కంచెలా అల్లుకున్న పొద అవతల తెల్లగా ఏదో వంగి ఉంది. కదలటం లేదు. పాట ఆగిపోయింది.

తెల్లటిది తలెత్తింది.

వసంతకుమారి పర్సిమన్ చెట్టు కింద, కొంగు నిండా పండ్లతో నిలబడి ఉంది. "తునికిపండ్లండీ! మా పోలవరంలో తిన్నవే. కాస్త పెద్దవి, అంతే. నోరు వగరు పట్టకుండా రాలినవే ఏరుతున్నా. ఏమైంది, ఎందుకా పాట?"

"సేలం," అన్నదొక గొంతు ఆకాశంలోంచి.

షాలేం రాజుగారు విశ్వాసి. ఆకాశంలోంచి పిలుపు వస్తే ఎలా స్పందించాలో ఎన్నో ప్రసంగాలు విన్నాడు. ఏదీ గుర్తురాలేదు. తలెత్తి చూస్తే ఎదురుగా ఓక్ చెట్టు మీద, నిచ్చెన పైన కట్టుకున్న సీటులో డ్వెయిన్. తుపాకీ ఒళ్లో అడ్డంగా ఉంది. తూటా బయటకు తీసి అరచేతిలో పట్టుకున్నాడు. మొహం బూడిదలా ఉంది.

"పర్సిమన్ పండ్ల కోసం జింకలొస్తాయి," అన్నాడు డ్వెయిన్ ఇంగ్లీషులో. ఒక్కో మాటా కూడదీసుకుంటున్నాడు. "చెట్టు కింద తెల్లగా కదిలింది. తోకే అనుకున్నాను. తుపాకీ స్కోపులో చూశాను. ఏమిటో తేల్చుకోకుండా అలా గురిపెట్టి చూడకూడదు, తెలుసు. చూశాను. భుజం దగ్గర ఏదో తళుక్కుమంది. పిన్నీసు." తూటాను జేబులో వేసుకున్నాడు. "జింకకి పిన్నీసు ఉండదు."

వసంతకుమారి తన భుజం మీద పైట కుచ్చిళ్లు పట్టిన సేఫ్టీపిన్నును వేలితో తడిమి చూసుకుంది. తర్వాత కొంగులో పండ్లను జాగ్రత్తగా నేల మీద పోసింది.

"కిందికి రండి," అంది డ్వెయిన్‌తో, వార్డులో పేషెంటుతో మాట్లాడే గొంతుతో. ఆయన దిగాడు. ఆమె ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది. రెండో చేత్తో భర్తది చూసింది. "ఇద్దరూ కూర్చోండి. తలలు కిందికి. గాలి పీల్చండి." ఇద్దరు పెద్దమనుషులూ ఆకుల మీద పక్కపక్కన కూలబడి చెప్పినట్టు చేశారు.

ఆ రోజు సరిహద్దులు ఎవరూ తొక్కలేదు. ఆకులచ్చు బట్టల్లో డ్వెయిన్ వరండాలో కూర్చుని బిర్యానీ తిన్నాడు. రైతా ఆయనకు నచ్చింది. బయల్దేరేటప్పుడు వసంతకుమారి దగ్గర టోపీ తీసి, ఇంకో చెట్టు చూసుకుంటానని చెప్పాడు. కార్లన్నీ వెళ్లాక, ఎండ ఇంకా ఉండగానే, షాలేం రాజుగారు వర్క్‌షాప్ గడప మీద భార్య పక్కన కూర్చున్నాడు.

"వేట మొదలని ఎప్పుడు తెలుసు మీకు?"

"నిన్న."

"వేట ఉందని?"

"భూమి కొనకముందునుంచీ."

ఆమె భుజం మీది పిన్నీసు ఊడదీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"అమ్మేద్దాం వసంతా. గుండె దడదడలాడితే కాపెల్ అన్నావు."

"దడదడలాడింది. తెల్ల లాల్చీలో, చేతులెత్తి పాడుకుంటూ మీరొస్తుంటే దడదడలాడింది. అప్పటికింకా చెట్టు మీద డ్వెయిన్ తుపాకీతో ఉన్నాడని నాకు తెలీదు, ఏదో ఉందని మాత్రం మీ మొహంలో కనిపించింది." గడప మీది పొట్టు చేత్తో తుడిచింది. "తగిలినవాళ్లనే చూశానండీ ఇన్నేళ్లూ. ఎక్కుపెట్టి దించేసినవాడిని ఇవాళే చూశాను. ఆ నాడి మీ నాడికంటే వేగంగా కొట్టుకుంటోంది."

"అయితే?"

"అయితే ఉందాం. ఒక్కటే మాట. ఇకమీదట మీ భయాలన్నీ పొద్దున ప్రార్థనలో పైకి చెప్పాలి. పాము కుబుసంతో సహా."

"కుబుసం సంగతి నీకెలా తెలుసు?"

"మీ ప్యాంటు ఉతికేది ఎవరండీ?"

అప్పట్నుంచి ఆ ఇంట్లో పొద్దుటి ప్రార్థన కాఫీ చల్లారేంత పొడుగైంది. పందులు, తేళ్లు, రంపం, కప్పు మీద పడబోయే పైన్ చెట్టు, డ్వెయిన్ కొత్తగా వెతుక్కున్న చెట్టు, అన్నీ దేవుడికి నివేదించబడతాయి. వసంతకుమారి చివర్లో ఆమెన్ అంటుంది. వరండాలో మేకుకి రెండు నారింజ వెస్టులు వేలాడుతుంటాయి. పర్సిమన్ జాము సీసాలు డ్వెయిన్ ఇంటికీ వెళ్తాయి.

వేట రోజుల్లో వాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ధన్‌మన్నప్పుడల్లా షాలేం రాజుగారు రంపం ఆపి కేకేస్తాడు. "వసంతా!"

"ఉన్నానండీ!"

మళ్లీ రంపం మొదలవుతుంది.

అలాంటి ఒక ఉదయం పడవ కోసం పలక కోస్తుండగా చెరువు వైపునుంచి మోగింది. ఆయన రంపం ఆపాడు. "వసంతా!" జవాబు లేదు. రంపం పళ్లు తిరిగి తిరిగి ఆగాయి. పొట్టు గాల్లోంచి నేలకు దిగింది. ఆయన చెయ్యి తలుపు గొళ్లెం మీద పడింది. వరండాలో మేకుకి ఒక్క వెస్టే ఉంది. అది తనది.

"వసంతా!"

చెట్ల అవతలనుంచి, పండు నోట్లో ఉన్నట్టు, నింపాదిగా వచ్చింది జవాబు.

"ఉన్నానండీ! మీరున్నారా?"

ఉన్నానని చెప్పడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది.