పిలిస్తే రాకూడని పిల్ల

ఆమెను అందరూ రేడియో అక్క అనేవాళ్లు. పొద్దున గేటు లోపల అడుగుపెట్టింది మొదలు సాయంత్రం గేటు దాటేదాకా ఆమె నోటికి తెరిపి ఉండేది కాదు. దొంగచాటుగా అమ్ముతుంటే పట్టుబడిన అడవి జంతువులను కోర్టులో కేసు తేలేవరకు ఉంచే కేంద్రం అది. వాటికి మేత పెట్టడం, గూళ్లు కడగడం ఆమె పని. గోనెసంచుల్లో దొరికిన తాబేళ్లతోనూ, రెక్కలు కత్తిరించిన చిలకలతోనూ ఇంటి కబుర్లన్నీ చెప్పేది. "నిన్న మా ఆయన కుట్టిన చొక్కాకి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. నీకైతే ఆ బాధే లేదు" అని కొండచిలువ ముందు కూర్చుని పడీపడీ నవ్వేది.

ముసురు పట్టిన ఒక ఉదయం, విమానాశ్రయంలో పనిచేసే తనిఖీ అధికారి ఒక సూట్‌కేసు పట్టుకొచ్చాడు. పైన మడత నలగని చొక్కాలు, అడుగున దొంగ అర. ఆ అరలో ఉన్ని మేజోళ్లలో చుట్టిన నీటికుక్క పిల్లలు. నదుల్లో చేపలు తిని బతికే జాతి. ముద్దుగా ఉంటాయని ఇళ్లలో పెంచుకునే పిచ్చి ఫోను వీడియోల పుణ్యమా అని ఊరూరా పాకింది. అప్పటికే మిగతావన్నీ ఊపిరాడక పోయాయి. ఒక్క మేజోడు మాత్రం కదిలింది.

"బతుకుతుందా డాక్టరమ్మా?" అంది రేడియో అక్క.

పశువైద్యురాలు పిల్ల గుండె మీద వేలు పెట్టి చూసింది. "వెచ్చగా ఉంచు. మిగతా సంగతి తర్వాత."

రేడియో అక్క దాన్ని రవికె లోపల గుండెకు ఆనించుకుని కూర్చుంది. కళ్లు అప్పుడే విచ్చుకుంటున్న పిల్ల. సీసాతో చుక్క చుక్కగా పాలు పట్టింది. అది తాగిన ప్రతి గుక్కకీ ఒక మాట చెప్పింది. నాలుగు కాళ్ల మీద నిలబడ్డ రోజున ఆ పిల్ల తడబడి పాలగిన్నెలోనే బుడుంగుమని పడింది. అలా దాని పేరు బుడుంగు అయింది. "బుడుంగూ" అని ఆమె కొంచెం సాగదీసి పిలిస్తే చాలు, ఎక్కడున్నా కీచుమంటూ దొర్లుకుంటూ వచ్చి ఆమె పాదాల మీద గడ్డం ఆన్చేది. ఇంటికి వెళ్లాక కూడా ఆ తడి గడ్డం బరువు పాదాల మీద ఉన్నట్టే ఉండేది ఆమెకు.

పిల్ల చేపలు తినడం మొదలుపెట్టాక డాక్టరమ్మ ఆమెను గదిలోకి పిలిచింది.

"అక్కా, ఇక నువ్వు దానితో మాట్లాడకూడదు."

"అదేంటమ్మా! నేనేం చేశాను?"

"ఏమీ చెయ్యలేదు. ప్రాణం పోశావు. కానీ రేపు నదిలో వదిలాక మనిషి గొంతు వింటే చాలు, ఎవరి దగ్గరికైనా వెళ్లిపోతుంది. మళ్లీ ఇంకో సూట్‌కేసులోకి."

మర్నాడు పిల్లను చుట్టూ గోడ కట్టిన కొలనులోకి మార్చారు. అప్పటినుంచి రేడియో అక్క మనిషి పోలిక తెలియకుండా బూడిదరంగు ముసుగు తొడుక్కుని, గోడకున్న కంతలోంచి బతికున్న చేపలను కొలనులోకి జారవిడిచేది. ముసుగు వేసుకున్నా, అడుగుల చప్పుడు ఆమెదేనని పిల్లకు తెలిసిపోయింది. కంత దగ్గరకొచ్చి పిలిచేది. ఆగి వినేది. మళ్లీ పిలిచేది. ఆమె గోడకు ఇవతల కొంగు నోట్లో కుక్కుకుని నిలబడేది.

పగలంతా బిగబట్టిన మాటలు ఇంటికొచ్చాక మొగుడి మీద కుమ్మరించేది. ఆయన దర్జీ, పది మాటలకు ఒక మాట బదులిచ్చే మనిషి.

"ఆ పిల్ల మీద కేసు ఎప్పుడు తేలుతుందే?" అన్నాడు ఒకరోజు కుట్టుమిషను ఆపి.

"దాని మీద కాదండీ కేసు, దాన్ని ఎత్తుకొచ్చినవాడి మీద."

"ఎవడి మీదైతేనేం, శిక్ష మాత్రం నా చెవులకు పడింది" అని మళ్లీ మిషను తొక్కాడు. ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆయన అది చూడనట్టు దారం తెగిందని సూది మీదికి వంగాడు.

ఆ రోజుల్లోనే ఆమె చెల్లెలు ఫోను చేసింది. "అక్కా, మన పాప ఆ వీడియోలు చూసి నీటికుక్క కావాలని ఒకటే గొడవ. అమ్మేవాడొకడు దొరికాడులే. మేతా గీతా ఏం పెట్టాలో కాస్త చెబుదూ."

రేడియో అక్క కడుగుతున్న గిన్నె పక్కన పెట్టేసింది.

"వాటిని ఎలా తెస్తారో తెలుసా నీకు?" అంది. తల్లిని చంపి పిల్లల్ని లాక్కోవడం దగ్గర్నుంచి మేజోళ్ల దాకా అంతా చెప్పింది.

"అయ్యో, వాళ్లెవరో దుర్మార్గులు. మేం ప్రాణంలా చూసుకుంటాం కదక్కా!"

"నీలా ప్రాణంలా చూసుకునేవాళ్లు ఉండబట్టేనే ఆ సూట్‌కేసు బయల్దేరింది."

చెల్లెలు ఠక్కున ఫోను పెట్టేసింది. కొన్నాళ్లు మాటలే లేవు. తర్వాత ఒక సాయంత్రం తనంతట తానే కేంద్రానికి వచ్చింది. గోడ కంతలోంచి కొలనును చూసింది. పిల్ల మునుగుతూ తేలుతూ చేపను తరుముతోంది. ఎంతసేపు చూసిందో, వెళ్లేముందు అమ్మకందారు ఫోను నంబరు అక్క చేతిలో పెట్టి, "పాపకి నేను చెప్పుకుంటాలే" అంది. తనిఖీ అధికారి ఆ నంబరు పట్టుకుని కదిలాడు. కొనేవాడిలా మాట్లాడి, ఈసారి సూట్‌కేసు సర్దకముందే మనుషులను పట్టుకున్నాడు. నీటికుక్క పిల్లలు ఇంకా తల్లి పక్కనే, వల వేసిన ఒడ్డునే దొరికాయి. అక్కడికక్కడే నీళ్లలోకి వదిలేశారు. ఆ కబురు విని రేడియో అక్క చెల్లెలికి ఫోను చేసి, పాత పోట్లాట ఊసే ఎత్తకుండా గంటసేపు వాగింది.

అంతలో కోర్టులో చిక్కొచ్చి పడింది. బుడుంగును సూట్‌కేసులో తెచ్చిన నిందితుడి లాయరు కొత్త వాదన ఎత్తుకున్నాడు. ఇది నదిలో పట్టింది కాదు, మా ఇంట్లో పుట్టి మా చేతుల్లో పెరిగింది, పెంపుడు జంతువును మాకిచ్చేయండి అని. జడ్జిగారు కళ్లారా చూస్తానని కేంద్రానికే వచ్చారు. నిందితుడినీ తెచ్చారు. అతను కొలను ముందు నిలబడి ఈల వేశాడు, చప్పట్లు కొట్టాడు, ముద్దుపేర్లన్నీ వాడాడు. పిల్ల రాళ్ల సందులో దూరి మళ్లీ కనబడలేదు.

"దీన్ని చూసుకునేది నువ్వేనా అమ్మా?" అని జడ్జిగారు రేడియో అక్కను అడిగారు.

ఆమె తలూపింది. పెదవి విప్పలేదు.

"ఎన్నాళ్లనుంచి?"

ఆమె బయటి తలుపు వైపు చెయ్యి చూపించింది. "చూశారా, ఏదో దాస్తోంది" అన్నాడు లాయరు. డాక్టరమ్మ జడ్జిగారి చెవిలో ఏదో చెప్పింది. అందరూ తలుపులు వేసుకుని బయటి వరండాలోకి నడిచారు.

"క్షమించాలి బాబుగారూ" అంది రేడియో అక్క. "లోపల నేను నోరు విప్పితే అది పరిగెత్తుకొస్తుంది. నా గొంతు దానికి తెలుసు. అది మర్చిపోవాలని ఇన్నాళ్లుగా దాని ముందు మాట్లాడ్డం లేదు."

లాయరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అంటే మచ్చికైనదేనన్నమాట!"

తనే కేసు చెడగొట్టానని ఆమె బిక్కచచ్చిపోయింది. జడ్జిగారు మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "పాలు పట్టిన గొంతు తెలుసు, సరే. మీ వాడి ఇంట్లో పెరిగిందంటున్నారే, మరి అతని గొంతు వినగానే రాళ్లలో ఎందుకు దూరింది?" అని లాయరును అడిగారు.

తీర్పు రావడానికి ఇంకా కొన్ని నెలలు పట్టింది. దొంగకు జైలు పడింది. పిల్లను నదిలో వదలమని ఉత్తర్వు వచ్చింది. అయితే డాక్టరమ్మ ఇంకొక్క పరీక్ష మిగిలిందంది.

"ఈ రోజు నువ్వు మాట్లాడాలక్కా. దాన్ని పిలు. వస్తే ఇంకా వదలకూడదు. రాకపోతే సిద్ధమైనట్టే."

ఈ మాట కోసమే ఆమె ఏడాదికి పైగా కాచుకుంది. ముసుగు తీసి కొలను ముందు నిలబడింది. గొంతు సవరించుకుని, కొంచెం సాగదీసి, "బుడుంగూ" అంది.

నీళ్లలో తల పైకి లేచింది. నల్లని కళ్లు ఆమె వైపు తిరిగాయి. మీసాల నుంచి నీటిబొట్లు రాలాయి. రావద్దని మొక్కుకుంటూనే ఆమె చేతులు వాటంతటవే ముందుకు సాగాయి. తల అలాగే కాసేపు నిలిచి, మునిగిపోయింది. కొలను అవతలి ఒడ్డున చేపను నోట కరుచుకుని తేలింది.

"చాలక్కా. గెలిచావు" అంది డాక్టరమ్మ.

"ఇంకొక్కసారి పిలవనమ్మా?"

డాక్టరమ్మ వద్దనలేదు. ఆమె మళ్లీ పిలిచింది. ఈసారి తల కూడా తిరగలేదు.

నది ఒడ్డున బోను తలుపు ఎత్తిన రోజున ఆమె జీపు పక్కనే నిలబడిపోయింది. పిల్ల ముక్కు ఎత్తి గాలి పీల్చి, మట్టి మీంచి జారి నీళ్లలో కలిసింది. బుడగల గీత ఒకటి వంపు దాకా సాగి ఆగిపోయింది. వెనక్కి చూస్తుందేమోనని ఆమె చూసింది. చూడలేదు. చూడకూడదనే కదా ఇదంతా చేసింది అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆ మాట మనసుకెక్కలేదు.

కొలను ఇప్పుడు వేరే జంతువులది. ఆమె మునుపటిలాగే వాగుతోంది. కానీ ఒక్కోసారి మాట మధ్యలో ఆగి, ఎవరో పిలిచినట్టు చెవి ఒగ్గుతుంది.

సెలవురోజున మొగుడు ఆమెను స్కూటరు మీద ఆ నది దగ్గరికి తీసుకెళ్లాడు. ఒడ్డున గస్తీ తిరిగే కాపలాదారు, ఈమధ్య ఇసుకలో రెండు నీటికుక్కల అడుగులు కనబడుతున్నాయని చెప్పి చూపించాడు. వేళ్ల మధ్య పొర కూడా అచ్చుపడిన చిన్న చిన్న అడుగులు, పక్కపక్కనే. ఏవి బుడుంగువో చెప్పడానికి లేదు.

"ఒక్కసారి పిలవరాదూ?" అన్నాడు మొగుడు.

పిలిస్తే వస్తుందేమోనని ఒక భయం, రాదేమోనని ఇంకో భయం. ఆమె తల అడ్డంగా ఊపి ఇసుకలో కూర్చుంది. ఆ అడుగుల పక్కన, వాటికి తగలకుండా, తన అరచెయ్యి ఆన్చి ఉంచింది. ఆయన చెప్పులు విడిచి ఆమె పక్కనే కూర్చున్నాడు. ఎండ వాలేదాకా ఇద్దరూ నీళ్ల వైపే చూస్తూ ఉండిపోయారు.