నీలం డబ్బా కోసం నందవరం దాకా

శ్రావణ మాసంలో ఆదోని నుంచి ఎమ్మిగనూరు మీదుగా నందవరం వైపు వెళ్లేవారికి పనికొస్తుందని ఈ దారి గురించి రాస్తున్నాను. నేను మాత్రం ఒక శ్రావణ సోమవారం దైవదర్శనానికి బయలుదేరలేదు. ఫోన్‌లో ఒక ఫోటో చూసి, భయపడి బయలుదేరాను. మా చెల్లెలు ఈరమ్మది నందవరం దగ్గర పల్లె. ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి నడిచి వెళ్లే భక్తులకు మజ్జిగ పోస్తానని ఆమె మొక్కుకుంది. నాకేమో కొంతకాలంగా యూట్యూబులో పర్యావరణం వీడియోలు చూడటం అలవాటైంది. వాటిని చూసే కూరగాయల తొక్కలు కుండలో వేసి ఎరువు చేస్తున్నాను, అంగడికి గుడ్డసంచి పట్టుకెళ్తున్నాను. నచ్చిన వీడియోలన్నీ చెల్లెలికి పంపుతుంటాను. ఈసారి ప్లాస్టిక్ గ్లాసులు వద్దని, స్టీలువి పెట్టమని, కొత్త డబ్బాలు కొనకుండా ఇంట్లో ఉన్నవే కడిగి వాడుకోమని చెప్పింది కూడా నేనే.

పొద్దున పూజ ముగించి ఫోన్ చూస్తే ఈరమ్మ మజ్జిగ పందిరి ఫోటో పంపింది. వరుసగా స్టీలు గ్లాసులు, కొత్త కుండలు, వాటి పక్కన పసుపు రాసి బొట్టు పెట్టిన పెద్ద నీలం డబ్బా. ఆ డబ్బా మీద పూర్తిగా ఊడని కాగితం ముక్క ఒకటుంది. పెద్దది చేసి చూస్తే అందులో ఎర్రటి గుర్తు సగం కనిపించింది. మా ఆయన చాలా ఏళ్లు పురుగుమందుల అంగడిలో పనిచేశారు కాబట్టి ఆ గుర్తు నాకు తెలుసు. అన్నిటికన్నా ప్రమాదకరమైన విషాల మీదే అది ఉంటుంది. ఈరమ్మకు ఫోన్ చేస్తే మోగుతోంది కానీ ఎత్తడం లేదు. మరిది హనుమంతు ఫోన్ స్విచాఫ్. దేవుడికి దండం పెట్టుకుని, ఆధార్ కార్డు సంచిలో వేసుకుని బస్టాండుకు పరుగెత్తాను.

ఎనిమిది గంటలకు ఎమ్మిగనూరు పల్లెవెలుగు బస్సు దొరికింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. ప్రయాణం సుమారు గంట. కిటికీ పక్కన సీటు దొరికినా బయటికి చూడాలంటే భయం వేసింది. దారి పొడుగునా పసుపు బట్టల్లో జనం నడుస్తున్నారు. వాళ్లలో ఎవరు గ్లాసు ఎత్తి తాగినా అందులో ఏముందో అనిపించేది. పక్కన కూర్చున్న పెద్దావిడ నన్నే చూస్తూ, "ఏమ్మా, బస్సు పడదా నీకు? నిమ్మకాయ ఇయ్యల్లా?" అని అడిగింది. వద్దని తల ఊపి, చెల్లెలికి పంపిన డబ్బాల వీడియో మళ్లీ పెట్టుకుని చివరిదాకా చూశాను. ఆ వీడియో చేసిన నగరపు అమ్మాయి నూనె డబ్బాలు, బిస్కెట్ డబ్బాలు చూపించింది. పురుగుమందు డబ్బా వాడొద్దని ఎక్కడా అనలేదు. ఆమె ఇంట్లో మందు డబ్బా ఉండదు. పత్తి వేసే మా వాళ్ల ఇళ్లలో అవే ఉంటాయి.

ఎమ్మిగనూరులో దిగి నందవరం వైపు షేర్ ఆటో ఎక్కాను. మనిషికి ముప్పై రూపాయలు, అరగంటకు పైగా పడుతుంది. దారిలో ఒక ముసలాయన గట్టు మీద వంగి కూర్చుని ఉంటే, "అప్పా, ఆపు! ఆయనకు బాగలేనట్టుంది" అన్నాను. డ్రైవర్ ఆపకుండానే నవ్వాడు. "కాళ్లు బొబ్బలెక్కినాయిలేమ్మా. ఈ నెలంతా ఇదే. నీ మాదిరి అందరికీ ఆపితే నేను దీపావళికి ఇల్లు చేరతా."

పందిరి దగ్గర దిగగానే ఈరమ్మ ఎదురొచ్చింది. "ఏందక్కా, సెప్పకుండా వచ్చినావు? నువ్వు సెప్పినట్లే చేసినా, సూడు! ఒక్క ప్లాస్టిక్ గ్లాసన్నా ఉందా?"

"ఆ నీలం డబ్బాలో మజ్జిగ పోశావా?"

"నాకేమన్నా పిచ్చా? మందు డబ్బాలో మజ్జిగ పోస్తానా? అది కుండల్లో ఉంది. ముందు నువ్వు తాగు, మొగం సూడు ఎట్లా పీక్కపోయిందో."

నా ప్రాణం లేచొచ్చింది. ఆమె ఇచ్చిన గ్లాసెడు మజ్జిగ గటగటా తాగేశాను. ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, పైభాగం కోసేసిన ఆ నీలం డబ్బాలోని నీళ్లలో ముంచి, తీసి బోర్లించింది. పొద్దుటి నుంచి అన్ని గ్లాసులూ అందులోనే కడుగుతోంది.

డబ్బా వైపు వేలు చూపించాను.

"సబ్బుతో బాగా కడిగినా అక్కా. వాసనే లేదు" అంటూనే ఆమె బోర్లించిన గ్లాసుల వైపు చూసింది. "డబ్బాలు పారేయొద్దని నువ్వే కదా వీడియో పంపింది?"

మజ్జిగ పోయడం ఆపేశాం. డబ్బాలోని నీళ్లు కాలువలో పారబోయబోయిన హనుమంతును ఆపాను, కాలువలోవి పశువులు తాగే నీళ్లు. బావికి దూరంగా గుంత తీసి అందులో పోశాడు. తర్వాత ముగ్గురం ఆరోగ్య కేంద్రానికి వెళ్లాం. నర్సమ్మ మందు పేరు అడిగింది, కళ్లు చూసింది, చాలాసేపు కూర్చోబెట్టింది. "ఇప్పటికేమీ లేదు. వాంతులు, చెమటలు, చూపు మసక, ఏది వచ్చినా వెంటనే రండి" అంది. ఆ తర్వాత, "మీరు సరే, తాగి పోయినోళ్లకు ఎవరు సెప్పల్లమ్మా?" అంది.

ఇంటికొచ్చాక, ఉరుకుంద గుడిలో మైకు ఉంటుందని హనుమంతు అన్నాడు. ఈరమ్మ ఏడ్చేసింది. "మైకులో సెప్తే ఊళ్లో మొగమెత్తుకోగలమా? మొక్కంతా మన్నైపాయ." కాసేపు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత తనే లేచి బండి తాళం తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. "పో. మన పేరు, ఊరు అన్నీ సెప్పు. ఎవురికన్నా బాగలేకపోతే మనమే ఆస్పత్రికి తీసకపోదాం."

సాయంత్రం హనుమంతు ఫోన్ చేశాడు. మైకులో చాలాసార్లు చెప్పించాడట. ఎవరూ రాలేదట. ఎవరికీ ఏమీ కాలేదనా, చెప్పింది వాళ్ల చెవిన పడలేదనా? మాకు తెలియదు. మా ముగ్గురికీ ఏమీ కాలేదు. అయినా దారిలో పసుపు బట్టల వాళ్లు కనిపిస్తే ఇప్పటికీ ఆగి వాళ్ల మొహాలు చూస్తాను. రోజూ దీపం పెట్టేటప్పుడు, పేర్లు తెలియని ఆ మనుషులు క్షేమంగా ఇల్లు చేరి ఉండాలని స్వామిని వేడుకుంటున్నాను. వీడియోలు చూడటం మానలేదు, గుడ్డసంచీ మానలేదు. కాకపోతే ఇప్పుడు ఏ వీడియో పంపినా, ముందు ఫోన్ చేసి మీ ఇంట్లో ఏ డబ్బాలున్నాయని అడుగుతున్నాను.

ఈ దారిలో వెళ్లేవారు మీ గ్లాసు మీరే సంచిలో పెట్టుకుని వెళ్లండి, దాన్ని కుళాయి నీళ్లతోనే కడుక్కోండి. మందు డబ్బా ఎంత కడిగినా మందు డబ్బానే. ఖాళీ కాగానే మేకుతో అడుగున చిల్లులు పొడవండి, అప్పుడు ఎవరూ దాంట్లో నీళ్లు పట్టలేరు.